మూడు లక్షల బొమ్మల బర్డిక్

సావనీర్‌కు ఒక వ్యాసం రాసిమ్మని యూనియన్ కుర్రాళ్ళిద్దరు మా ఇంటికొచ్చారు. మహనీయుల జీవితాలన్న శీర్షిక కింద వేస్తారట. ఏ గాంధీగారి గురించో, ఏ ఐన్‌స్టీన్ గురించో రాస్తాననుకుని ఉంటారు. సిగరెట్ పెట్టెల్లో వచ్చే బొమ్మ కార్డులు ఏరుకున్న ఒక ఫ్యాక్టరీ ఉద్యోగి గురించి రాస్తానని నేననేసరికి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దవాణ్ణి, పైగా ఈ కాలేజీలోనే చదివి ఈ కాలేజీలోనే పాఠాలు చెప్పినవాణ్ణి, కాదనలేక సరేనని మజ్జిగ తాగి వెళ్ళిపోయారు. వాళ్ళ అనుమానం తీర్చడానికే ఈ నాలుగు పేజీలు.

ఆయన పేరు జెఫర్సన్ బర్డిక్. 1900లో పుట్టి 1963లో పోయాడు. మన వైపు ఆ పేరు విన్నవాళ్ళు తక్కువే గాని, అమెరికాలో బొమ్మ కార్డులు కూడబెట్టే అలవాటున్న ప్రతివాడికీ ఆయన మూలపురుషుడు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో, డ్యూరర్, రెంబ్రాంట్ వంటి మహా చిత్రకారుల ముద్రాచిత్రాలు దాచిన విభాగంలోనే, ఈయన పోగుచేసిన 3 లక్షల పైచిలుకు కాగితపు బొమ్మలు కూడా ఉన్నాయి. ఈయన రాజు కాదు, కోటీశ్వరుడు కాదు, కళాపండితుడూ కాదు. కీళ్ళవాతంతో వేళ్ళు వంకర్లు పోయిన ఒంటరి మనిషి. ఆ వేళ్ళతోనే అంత పనీ చేశాడు.

ఆయన సంగతి చెప్పబోయే ముందు నా గొడవ కొంచెం చెప్పుకోవాలి. ఈ వ్యాసం రాయాలని నాకెందుకు అనిపించిందో అప్పుడుగాని మీకు బోధపడదు.

* * *

మాది గుంటూరు జిల్లాలో పొగాకు పండే పల్లె. వర్జీనియా అనేది అమెరికాలో ఒక రాష్ట్రమని హైస్కూల్లో అట్లాసు చూసేదాకా నాకు తెలియదు. అది ఒక ఆకు పేరనే అనుకునేవాణ్ణి. మా ఊళ్ళో అందరూ అట్లాగే అనుకునేవాళ్ళు. నాటు పొగాకు వేరు, వర్జీనియా వేరు. వర్జీనియా ఆకును బ్యారన్‌లో వేడికి కాల్చి పసుప్పచ్చ రంగు తేవాలి. మా నాన్న ఆ బ్యారన్ల దగ్గరే పనిచేసేవాడు. ఆకు కాల్చే రోజుల్లో రాత్రిళ్ళు నిద్ర కాచేవాడు. పొద్దున ఇంటికొస్తే ఆయన చొక్కా నిండా ఆ వాసన.

మా పిల్లకాయలకు ఆటవస్తువు ఖాళీ సిగరెట్ పెట్టె. పెట్టె చించి అట్ట మడతపెడితే అదే మా నోటు. నేల మీద గుండ్రంగా గీత గీసి, మధ్యలో అట్టలు పేర్చి, దూరం నుంచి బిళ్ళరాయితో కొట్టాలి. గీత దాటిన అట్టలు కొట్టినవాడివి. చార్మినార్ అట్ట ఎక్కడ పడితే అక్కడ దొరికేది గనక దాని విలువ తక్కువ. కత్తెర మార్కుకు ఇంకాస్త ఎక్కువ. టౌను నుంచి ఏ ఆఫీసరో వచ్చి పారేసిన కొత్తరకం పెట్టె దొరికిందా, ఇక ఆ పూట వాడే రాజు. అరుదైనదానికే విలువ అనే అర్థశాస్త్ర సూత్రం నేను మొదట నేర్చుకున్నది బి.ఏ. క్లాసులో కాదు, రామాలయం వెనక దుమ్ములో.

నాన్న చార్మినారే తాగేవాడు. నా దగ్గర లేని అట్ట కావాలని, ఒక్కసారి వేరేది కొనమని ఏడ్చాను. అమ్మ తిట్టింది. నాన్న మాత్రం ఏమీ అనకుండా ఒక వారం రోజులు వేరే పెట్టె కొన్నాడు. ఆ వారం పొడుగునా ఆ పొగ రుచించలేదని మొహం చిట్లించుకుంటూనే తాగాడు. నేను మటుకు ఎప్పుడు అయిపోతాయా అని పెట్టెలోకి తొంగిచూస్తూ ఉండేవాణ్ణి.

నా రేకు డబ్బాలో రెండు వందల పైన అట్టలు చేరాయి. పై చదువుకని టౌనుకు పోయినప్పుడు అటక మీద పెట్టాను. మళ్ళీ తీసేనాటికి చెదలు తినేశాయి. నాకేమంత బాధ కలగలేదు. చిన్నప్పటి పిచ్చి అనుకున్నాను. ఆ పిచ్చినే జన్మంతా పట్టుకున్న మనిషి ఒకడు భూమికి అవతలి వైపు ఉండేవాడని చాలా ఏళ్ళ తరువాతగాని తెలియలేదు.

* * *

అసలు సిగరెట్ పెట్టెలోకి బొమ్మ కార్డు ఎట్లా వచ్చిందో చూద్దాం. 1870ల నాటికి అమెరికాలో సిగరెట్లు మెత్తటి కాగితం పొట్లంలో అమ్మేవాళ్ళు. జేబులో పెట్టుకుంటే నలిగి, లోపలివి విరిగిపోయేవి. అందుకని పొట్లం నిటారుగా నిలబడటానికి లోపల ఒక గట్టి అట్టముక్క పెట్టారు. అంటే అది మొదట్లో కేవలం ఒక దన్ను. ఎట్లాగూ అట్ట పెడుతున్నాం, దాన్ని ఖాళీగా వదలటం దేనికని ఎవరికో తోచింది. ఒక వైపు బొమ్మ, ఇంకో వైపు కంపెనీ పేరు, ఆ వరసలో ఇంకా ఏమేం బొమ్మలున్నాయో జాబితా. జాబితా పెట్టటంలోనే ఉంది కిటుకంతా. యాభై బొమ్మల వరసలో మీకు నలభై తొమ్మిది దొరికి ఒకటి దొరక్కపోతే నిద్ర పడుతుందా?

ఈ పనిలో ఆరితేరిన కంపెనీ ఆలెన్ అండ్ గింటర్. దాని ఊరు వర్జీనియా రాష్ట్రంలోని రిచ్‌మండ్. మా ఊరి ఆకుకు పేరిచ్చిన రాష్ట్రమే. 1880లలో ఆ కంపెనీ వేసిన వరసలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పక్షులు, దేశదేశాల జెండాలు, రెడ్ ఇండియన్ తెగల నాయకులు, ఒకటేమిటి! 1887లో ప్రపంచ విజేతలని 50 మంది బొమ్మలతో ఒక వరస వేశారు. అందులో బేస్‌బాల్ ఆటగాళ్ళు, ముష్టియుద్ధం చేసేవాళ్ళు, మల్లులు, పడవ పందెగాళ్ళతో పాటు ఆనీ ఓక్లీ అనే ఆడమనిషి కూడా ఉంది. తుపాకి గురిలో ఆ రోజుల్లో ఆమెను మించినవాళ్ళు అరుదు. పుస్తకాలు కొనలేని ఇళ్ళల్లో పిల్లలకు ఈ కార్డులే బొమ్మల ఎన్‌సైక్లోపీడియా.

బొమ్మల అచ్చు సంగతి కూడా ఒక మాట చెప్పాలి. అది రాతి అచ్చు. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాయి. ఒకే కాగితాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా మళ్ళీ మళ్ళీ అచ్చుకిస్తేగాని ఒక బొమ్మ పూర్తికాదు. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టి లక్ష్మీ సరస్వతుల పటాలను ఇంటింటికీ చేర్చింది ఈ పద్ధతిలోనే. మన పూజగదిలోని పటమూ, అమెరికావాడి సిగరెట్ కార్డూ ఒకే తల్లి బిడ్డలన్నమాట. రవివర్మ పటాన్ని గోడకు కట్టుకున్నారు. కార్డును పిల్లవాడి జేబుకు వదిలేశారు. అంతే తేడా.

ఇంతలో సిగరెట్లు చుట్టే యంత్రం వచ్చింది. బాన్సాక్ అనే యువకుడు 1881లో దానికి పేటెంటు పొందాడు. చేత్తో చుట్టే మనిషి రోజంతా కూర్చుంటే రెండు మూడు వేలు అవుతాయి. యంత్రం లక్షకు పైగా చుట్టి పారేస్తుంది. అన్ని సిగరెట్లు ఎవరికి అమ్మాలి? జేమ్స్ డ్యూక్ అనే వ్యాపారి ఈ యంత్రాన్ని పట్టుకుని, నటీమణుల ఫోటోలతో, బొమ్మ కార్డులతో జనాన్ని లాగాడు. పోటీవాళ్ళు కూడా బొమ్మలు పెంచారు. చివరికి 1890లో పెద్ద కంపెనీలన్నీ కలిసి అమెరికన్ టొబాకో కంపెనీ అయ్యాయి. పోటీ చచ్చింది, దాంతో కార్డులూ పలచబడ్డాయి. పోటీ ఉన్నప్పుడే కొనేవాడికి బొమ్మ దొరుకుతుంది. మళ్ళీ 1909 ప్రాంతంలో కొత్త పోటీ పుట్టి కార్డులు వెల్లువలా వచ్చాయి. 1911లో అమెరికా సుప్రీంకోర్టు ఆ గుత్త కంపెనీని ముక్కలు చెయ్యమంది.

ఇంగ్లండులో విల్స్, ప్లేయర్స్ కంపెనీలవాళ్ళు ఇదే దారి పట్టారు. విల్స్ వాళ్ళు కత్తెర మార్కు పెట్టెల్లో మన దేశంలో కూడా బొమ్మ కార్డులు పెట్టి అమ్మారు. మా కాలానికి కార్డులు పోయి ఖాళీ పెట్టె మిగిలింది.

* * *

సరిగ్గా ఆ రెండో వెల్లువ నాటికి జెఫర్సన్ బర్డిక్‌కు పదేళ్ళు. న్యూయార్క్ రాష్ట్రంలో సిరక్యూస్ పట్టణానికి దగ్గర్లో సెంట్రల్ స్క్వేర్ అనే చిన్న ఊరు ఆయనది. పొలం పనులు చేసుకునే ఇల్లు. తండ్రి సిగరెట్ పెట్టెల్లో వచ్చే బొమ్మలు కుర్రవాడు ఏరుకునేవాడు. ఒక బ్రాండు వరస పూర్తయితే, ఈసారి ఇంకో బ్రాండు కొనమని తండ్రిని బతిమాలేవాడు, అందులో ఏం బొమ్మలున్నాయో చూడాలని. ఆ సంగతి చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. సముద్రాల అవతల, నాకంటే యాభై ఏళ్ళ ముందు పుట్టినవాడు, అదే ఆకు, అదే మారాం.

పిల్లలందరూ పెద్దయ్యాక మానేస్తారు. ఈయన మానలేదు. 1922లో సిరక్యూస్ విశ్వవిద్యాలయం నుంచి చదువు ముగించుకుని వచ్చాడు. తరువాత అదే పట్టణంలో క్రౌజ్ హైండ్స్ అనే కరెంటు సామాన్ల ఫ్యాక్టరీలో చిన్న చిన్న భాగాలు బిగించే పనిలో కుదురుకున్నాడు. పెళ్ళి చేసుకోలేదు. చిన్న వాటాలో కాపురం. నడి వయసు రాకముందే కీళ్ళవాతం పట్టుకుంది. ఏళ్ళు గడిచేకొద్దీ చేతులు, మెడ, నడుము బిగుసుకుపోయాయి. పగలు ఫ్యాక్టరీలో ఆ వేళ్ళతోనే స్క్రూలు బిగించాలి, రాత్రి ఆ వేళ్ళతోనే అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దవైన కార్డులు తిరగేయాలి.

1930లలో ఈ పని ఆయనకు వ్యసనం స్థాయి దాటి వ్రతం అయింది. పొగాకు కార్డులతో ఆగలేదు. వ్యాపార కార్డులు, పోస్టు కార్డులు, పండగ గ్రీటింగులు, చుట్టలకు చుట్టే రంగు కాగితాలు, కాగితపు బొమ్మలు, పేకముక్కలు, చూయింగ్‌గమ్‌తో వచ్చే బొమ్మలు, అచ్చయి జనం చేతుల్లోంచి చెత్తబుట్టలోకి పోయేదల్లా ఆయనకు కావలసిందే. తనలాంటి పిచ్చివాళ్ళు ఇంకెందరున్నారో చూద్దామని హాబీల పత్రికల్లో వ్యాసాలు రాశాడు. ఉత్తరాలు వచ్చాయి. 1937లో కార్డు సేకర్తల కోసమే ఒక చిన్న బులెటిన్ మొదలుపెట్టాడు. అంతదాకా ఎవరి ఇంట్లో వాళ్ళు సిగ్గుపడుతూ దాచుకున్న అట్టలు, ఆ బులెటిన్‌తో ఒక శాస్త్రానికి సరుకు అయ్యాయి.

* * *

ఆయన చేసిన అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ఏరుకోవటం ఎవరైనా చేస్తారు. పేరు పెట్టటం అందరి వల్లా కాదు.

ఆ కార్డుల్లో చాలావాటికి పేర్లు లేవు, ఏ సంవత్సరానివో రాసి ఉండదు, ఒకే బొమ్మను నాలుగు బ్రాండ్ల వెనక నాలుగు రకాలుగా వేసేవాళ్ళు. ఒక ఊరివాడు ఇంకో ఊరివాడికి ఉత్తరం రాసి, ఫలానా కార్డు ఉందా అని అడగాలంటే సగం పేజీ వర్ణన రాయాలి. బర్డిక్ వాటన్నిటినీ వరసల కింద విడదీసి, ప్రతి వరసకూ ఒక అక్షరం, ఒక నంబరు ఇచ్చాడు. పంతొమ్మిదో శతాబ్దపు పొగాకు కార్డులకు ఎన్, ఇరవయ్యో శతాబ్దపు వాటికి టి, పాత మిఠాయి కార్డులకు ఇ, తరువాతి చూయింగ్‌గమ్ వాటికి ఆర్, రొట్టెల కంపెనీల వాటికి డి. ఇట్లా వేల వరసలు. 1939లో ఈ జాబితాను పుస్తకంగా వేశాడు. 1946లో దాన్ని పెంచి అమెరికన్ కార్డ్ కేటలాగ్ అని పేరు పెట్టాడు. 1953లో, 1960లో మళ్ళీ దిద్ది వేశాడు. ప్రతి వరసకూ కార్డు ధర ఇంతని వేశాడు. చాలావాటి ధర సెంట్లలోనే.

మన లైబ్రరీలో పుస్తకం వీపు మీద నంబరు ఉంటుంది గదా, దాన్ని చూసి ఎవరూ ఆశ్చర్యపోరు. అది లేకపోతే మాత్రం లక్ష పుస్తకాలున్నా ఒక్కటీ దొరకదు. మొక్కలకు లిన్నేయస్ చేసిందీ, పుస్తకాలకు డ్యూయీ చేసిందీ, చెత్తకాగితాలకు బర్డిక్ చేశాడు. ఆ నంబర్లు ఈనాటికీ చెలామణిలో ఉన్నాయి. 1909 నుంచి 1911 దాకా వచ్చిన తెల్ల అంచు బేస్‌బాల్ కార్డుల వరసలో ఐదు వందలకు పైగా బొమ్మలున్నాయి. బర్డిక్ దానికి టి 206 అని నంబరు ఇచ్చాడు. ఇప్పుడు ఆ వరసకు వేరే పేరే లేదు. కోట్ల బేరాలు జరిగే వేలంపాటల్లో కూడా ఫ్యాక్టరీ ఉద్యోగి రాత్రిపూట రాసుకున్న ఆ నంబరే పలుకుతారు.

ఆ వరసలో ఒక కార్డు కథ చెప్పక తప్పదు. హోనస్ వాగ్నర్ అని పిట్స్‌బర్గ్ జట్టులో గొప్ప ఆటగాడు. అతని బొమ్మ వేయటం మొదలుపెట్టి, కొద్దిగా అచ్చయ్యాక ఆపేశారు. అతను ఒప్పుకోకపోవటమే కారణమంటారు. తన బొమ్మ కోసం పిల్లలు సిగరెట్లు కొనటం అతనికి ఇష్టంలేదని ఒక కథ. డబ్బు దగ్గర తేడా వచ్చిందని ఇంకో కథ. అతను స్వయంగా పొగాకు నమిలేవాడు గనక మొదటి కథను శంకించేవాళ్ళూ ఉన్నారు. కారణం ఏదైనా కార్డులు కొద్దే మిగిలాయి. బర్డిక్ పాత కేటలాగులో దీనికి 50 డాలర్లు వేస్తే అదే అన్నిటికంటే పెద్ద ధర. 2021లో అటువంటి కార్డు ఒకటి 66 లక్షల డాలర్లకు వేలంలో పోయింది. 2022లో ఇంకొకటి 72 లక్షల 50 వేల డాలర్లకు చేతులు మారింది. మా రామాలయం వెనక సూత్రం ఎంత దూరం పోయిందో చూడండి.

బర్డిక్ దగ్గర కూడా వాగ్నర్ కార్డు ఉంది. ఆయన దాన్ని అమ్మలేదు. మిగతావాటి పక్కనే ఆల్బంలో పెట్టాడు. తమాషా ఏమిటంటే ఆయన సేకరణలో 30 వేలకు పైగా బేస్‌బాల్ కార్డులున్నా, ఆ ఆట మీద ఆయనకు పెద్ద మోజు లేదంటారు. ఆటగాడి బొమ్మా, పక్షి బొమ్మా, సబ్బు ప్రకటనా ఆయన దృష్టిలో సమానమే.

* * *

ఒంటరివాడు, పైగా రోగం ముదురుతోంది. తన తరువాత ఇదంతా ఏమవుతుంది? ప్రతి సేకర్తకూ ఈ దిగులు ఉంటుంది. అమ్మితే డబ్బు వస్తుంది గాని ముక్కలు ముక్కలుగా చెదిరిపోతుంది. ఆయన అమ్మదలచుకోలేదు. 1947లో మెట్రోపాలిటన్ మ్యూజియం వాళ్ళకు ఉత్తరం రాసి, మొత్తం ఉచితంగా ఇచ్చేస్తానన్నాడు.

అంత పెద్ద మ్యూజియం సిగరెట్ అట్టలు తీసుకుంటుందా అని ఎవరికైనా సందేహం వస్తుంది. అదృష్టవశాత్తు ముద్రాచిత్రాల విభాగానికి అప్పుడు అధిపతిగా ఉన్న హయత్ మేయర్ మంచి చూపున్న పండితుడు. గొప్ప కళాఖండాలను దాచటానికి అందరూ ఉంటారు, మామూలు జనం రోజూ చూసిన బొమ్మలను దాచేవాడు ఉండడు అన్నది ఆయన ఎరిగిన సత్యం. తీసుకుంటామన్నాడు. అయితే ఒక షరతు. ఇన్ని లక్షల కాగితాలు వరసలో పెట్టే మనుషులు మ్యూజియానికి లేరు. ఆ పని బర్డిక్కే చేసిపెట్టాలి.

ఇక్కడి నుంచి ఆయన జీవితం పందెం లాంటిది. ఒక పక్క లక్షల కార్డులు, ఇంకో పక్క బిగుసుకుపోతున్న శరీరం. విడతలు విడతలుగా సిరక్యూస్ నుంచి సరుకు పంపాడు. 1959లో ఇక ఫ్యాక్టరీ పని చెయ్యలేని స్థితి వచ్చాక ఊరు వదిలి న్యూయార్క్‌లోనే మకాం పెట్టాడు. మ్యూజియంలో ఒక మూల చిన్న బల్ల ఇచ్చారు. రోజూ వచ్చి కూర్చోవటం, కార్డు తీయటం, దాని వరస చూడటం, ఆల్బంలో అంటించటం. కోటు తొడుక్కోవటానికే ఒళ్ళంతా మెలితిప్పుకోవలసిన మనిషి, ఒక్కొక్క కార్డు గోటితో ఎత్తి సరిగ్గా దాని చోట అంటించేవాడు. బతికుండగా పూర్తవుతుందో లేదో ఆయనకూ నమ్మకం లేదు, చూసేవాళ్ళకూ లేదు.

అంటించటం మంచిదా కాదా అని ఈనాటి సేకర్తలు వాదించుకుంటారు. జిగురు తగిలిన కార్డుకు సంతలో ధర సగానికి సగం పడిపోతుంది, వెనక వైపు కనబడదు. నిజమే. కాని సంతకు పోకూడదనే గదా ఆయన కోరిక! అంటించిన కార్డు మళ్ళీ సరుకు కాదు, అది పుస్తకంలో పేజీ అయిపోతుంది.

1963 జనవరి 10న చివరి కార్డు అంటించాడు. సాయంత్రం అయిదు గంటలకు లేచి, కష్టపడి కోటు తొడుక్కుని, అందరి దగ్గరా సెలవు తీసుకున్నాడు. మళ్ళీ రానని చెప్పాడట. మర్నాడు తనంతట తానే ఆసుపత్రికి పోయి చేరాడు. రెండు నెలలు గడిచాక మార్చి 13న కన్నుమూశాడు. పని పూర్తయ్యేదాకా చావును గుమ్మం బయట నిలబెట్టిన వాళ్ళను గురించి మనం పురాణాల్లో విన్నాం. భీష్ముడు ఉత్తరాయణం కోసం ఆగాడు. ఈయన చివరి కార్డు కోసం ఆగాడు.

ఆ ఆల్బంలు వందల్లో ఉన్నాయి. మ్యూజియం వాళ్ళు వాటిలో వేలాది బొమ్మలను ఇంటర్నెట్‌లో పెట్టారు. నేను ఈ ఊరు దాటకుండా, మనవరాలి చేత కంప్యూటర్ తెరిపించుకుని చూశాను. ఆనీ ఓక్లీని చూశాను. రిచ్‌మండ్ కంపెనీ వాళ్ళ పక్షులను చూశాను. రంగులు నిన్న వేసినట్టున్నాయి.

* * *

ఇంతదాకా పొగడ్త అయింది. చేదు మాట కూడా చెప్పాలి. ఈ అందమంతా ఎర. బొమ్మ కోసం పిల్లవాడు, పిల్లవాడి కోసం తండ్రి, తండ్రి జేబు కోసం కంపెనీ. మా నాన్న చివరి రెండేళ్ళు దగ్గుతో మంచం పట్టాడు. ఊపిరి అందక రాత్రిళ్ళు కూర్చునే ఉండేవాడు, బ్యారన్ దగ్గర నిద్రకాచినట్టే. డాక్టరుగారు ఎక్స్‌రే చూసి చెప్పింది ఒక్క మాటే. నా అట్టల కోసం వారం రోజులు రుచించని సిగరెట్లు తాగిన మొహం నాకు గుర్తొచ్చింది. ఒక వారం తేడాతో ఏమీ కాదని నాకు తెలుసు. తెలిసినా గుర్తు రాక మానదు.

మన దేశంలో 2003లో చట్టం చేసి సిగరెట్ ప్రకటనలు నిషేధించారు. 2009 నుంచి పెట్టె మీద రోగం బొమ్మ వేయటం మొదలైంది. 2016 నుంచి అది పెట్టెలో 85 శాతం ఆక్రమించింది. రమ్మని పిలవటానికి పుట్టిన బొమ్మ, రావద్దని చెప్పే బొమ్మగా మారింది. ఏ బర్డిక్ అయినా ఇవాళ ఉంటే ఆ పెట్టెలు కూడా తేదీ వేసి దాచేవాడే. ఎందుకంటే దాచటమంటే మెచ్చుకోవటం కాదు. మనం ఎట్లా మోసపోయామో, ఎప్పుడు తెలుసుకున్నామో రేపటివాడికి సాక్ష్యం చూపటం.

ఇక నా నేరం. డెబ్బైల్లో నేను ఈ యూనియన్‌కే సాహిత్య కార్యదర్శిని. ఆఫీసు గదిలో ఒక చెక్క బీరువా నిండా పాత సావనీర్లు, నాటకాల కరపత్రాలు, చేత్తో రంగులు వేసిన ఎలక్షన్ పోస్టర్లు ఉండేవి. ఏళ్ళ తరబడి మా అన్నలు దాచినవి. క్యారమ్స్ బల్ల వేసుకోవటానికి చోటు చాలటం లేదని నేనే దగ్గరుండి పాత కాగితాలవాణ్ణి పిలిచి తూకానికి వేశాను. వచ్చిన డబ్బుతో అందరం ఇరానీ హోటల్లో టీ, సమోసా తిన్నాం. పోస్టర్లు మాత్రం వాడు తీసుకోలేదు, రంగు అంటుతుందని. వాటిని భోగి మంటలో వేశాం. చాలా ఏళ్ళ తరువాత మన కాలేజీ చరిత్ర రాద్దామని పూనుకున్నప్పుడు, నాకు కావలసిన సంవత్సరాల సావనీర్ ఒక్కటీ దొరకలేదు. ఎవరిని అడిగినా లేవన్నారు. ఎందుకు లేవో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఈనాటిదాకా చెప్పలేదు కూడా.

యూనియన్ కుర్రాళ్ళకు నా మనవి ఒక్కటే. ఈ సావనీర్ మీ చేతికి వచ్చిన రోజునే రెండు కాపీలు తీసి తేదీ వేసి లైబ్రేరియన్‌గారికి ఇవ్వండి. మీ ఎలక్షన్ పోస్టర్, మీ వార్షికోత్సవం పాంప్లెట్, మీ క్యాంటీన్ టోకెను, ఒక్కొక్కటి ఒక ఆల్బంలో అంటించండి. దాన్ని చూసి నవ్వేవాళ్ళుంటారు. నవ్వనివ్వండి. వంకర్లు పోయిన వేళ్ళతో ఒకాయన 3 లక్షలు అంటించాడు. మీరు ఏడాదికి ముప్ఫై అంటించలేరా?

మొదటి ఆల్బం కొనటానికి డబ్బులు నేనిస్తాను. ఆనాటి టీ, సమోసాల బాకీ కింద జమ వేసుకోండి.